ఈశ్వరమ్మ కుడి దవడ పన్ను

ఈశ్వరమ్మ నోట్లో పడిన వేరుశనగ గింజ ఎక్కువసేపు నిలవదు. నాలుక దాన్ని కుడి దవడ వైపు తోస్తుంది. అక్కడొక చిన్న చప్పుడవుతుంది, అంతే. ఆ చప్పుడు పక్కన నిలబడ్డ వాళ్ళకు వినపడదు. ఆమెకు మాత్రం ఎముక లోపలి నుంచి, పక్కింట్లో ఎవరో తలుపు గడియ వేసినట్టు వినపడుతుంది. బాగా ఎండిన గింజ సుద్దముక్కలా తెగుతుంది. తేమ ఉన్న గింజ నలిగి, చదునై, పళ్ళను పట్టుకుని వేలాడుతుంది. ఈ రెంటికీ నడుమ ఇంకా చాలా గింజలుంటాయి. వాటి సంగతి చెప్పడానికే ఈశ్వరమ్మ.

కుందుర్పి దగ్గరి పల్లె ఆమెది. పంట ఇంటికొచ్చే నెలల్లో పొద్దున్నే బస్సెక్కి కళ్యాణదుర్గంలోని వేణుగోపాల్ శెట్టి మిల్లుకు పోతుంది. రైతులు తెచ్చిన కాయలు ఎండాయో లేదో కొరికి చెప్పడం పని. తేమతో గోదాములోకి పోయిన కాయకు బూజు పడుతుంది. ఆ బూజు పక్క మూటలతో పరిచయాలు పెంచుకుంటుంది. అందుకని గేటు దగ్గర ఒక నమ్మకమైన నోరుండాలి. శెట్టి వాళ్ళ నాయన కాలం నుంచీ అక్కడ రెండు నోళ్ళున్నాయి. ఇప్పుడు ఒకటి ఈశ్వరమ్మది, రెండోది రామప్పది.

రెండు ఎందుకంటే, ఒకే నోరు పొద్దున ఒకటి చెప్తుంది, మధ్యాహ్నం ఆకలేసినప్పుడు ఇంకొకటి చెప్తుంది. పైగా ఒకరు చెప్పింది విన్నాక రెండోవాళ్ళకు గింజ రుచే మారిపోతుంది. అందుకే ఆ మిల్లులో ఎవరూ నోటితో చెప్పరు. మూట పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసిన కాయల్ని ఇద్దరూ వలుచుకుని కొరుకుతారు. తర్వాత చేతులు వెనక్కి పెట్టుకుని ట్రాక్టరు వైపు చూస్తూ నిలబడతారు. వెనకాల బల్ల దగ్గర కూర్చున్న శెట్టికి వాళ్ళ వేళ్ళు కనపడతాయి. ఒక వేలంటే ఎండింది. రెండంటే ఇంకొక ఎండ కావాలి. మూడంటే ఇంటికి తోలుకుపొమ్మని. ఇద్దరి వేళ్ళూ కలిస్తే బండి లోపలికి పోతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. కలవకపోతే మూట విప్పి, నేల మీద పరిచిన పట్ట మీద పోసి చూస్తారు.

రైతులకు ఆ వేళ్ళు కనపడవు. కాబట్టి వాళ్ళు ఈశ్వరమ్మ ముఖం చదవాలని చూస్తారు. ఆమె ఎవరికీ అందని ముఖం పెట్టుకుని, మబ్బు లేని ఆకాశంలో దేన్నో వెతుకుతూ ఉంటుంది.

ఆమె నవ్వినప్పుడు మాత్రం ఆమె ఏ నీళ్ళు తాగి పెరిగిందో తెలిసిపోతుంది. ఆ పల్లె బోరు నీళ్ళు నాలుకకు ఏ రుచీ చూపించకుండా వచ్చి పళ్ళ మీద రాసి పోతాయి. గోధుమరంగు చారలు, మధ్యలో సుద్ద మచ్చలు, అక్కడక్కడా చీమ దిగేంత గుంటలు. వాన ఆగిపోయిన ఎర్రమట్టి దారి ఎండాక ఎట్లుంటుందో అట్లా. పైపు నీళ్ళొచ్చిన తర్వాత పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా మెరుస్తాయి. వాళ్ళ పక్కన కూర్చుంటే పెద్దవాళ్ళందరూ ఒకే బావి గోడకు చెందిన రాళ్ళలా కనపడతారు. ఎవరికీ దాని మీద బాధ లేదు. పన్ను ఉన్నది కొరకడానికి.

ఒక వేసవిలో పల్లె బడిలో దంత శిబిరం పెట్టారు. చదువు ఇంకా ముగియని ఒక కుర్ర డాక్టరు చిన్న టార్చి పట్టుకుని వరసగా నోళ్ళు చూశాడు. గోధుమరంగు కనపడిన చోటల్లా పుచ్చే అన్నాడు. ఈశ్వరమ్మకు ఆరు పళ్ళు పుచ్చాయన్నాడు. పక్కనున్నామెకు ఎనిమిది. ఎప్పుడూ పంటినొప్పి ఎరగని పూజారికి నోరంతా. సాయంత్రానికి పల్లె పల్లెంతా పుచ్చిపోయిందని తేలింది. రచ్చబండ మీద ఆ రాత్రంతా ఒకటే నవ్వు. ఎవరైనా ఎదురుపడితే, నీకెన్నప్పా అని అడిగేవాళ్ళు.

ఆ నవ్వులోనే ఒక పొరపాటు జరిగిపోయింది. డాక్టరు అన్నింటినీ పుచ్చు అన్నాడు కాబట్టి ఏదీ పుచ్చు కాదని పల్లె తీర్మానించుకుంది. ఎవరి పన్ను సలిపినా, నీళ్ళప్పా, నీళ్ళు అని ఊరుకోవడం మొదలైంది. ఈశ్వరమ్మకు అప్పటికే చల్లటి నీళ్ళు తాగితే కుడి వైపు జివ్వుమనేది. ఆమె కూడా నీళ్ళే అనుకుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, లవంగం పెట్టుకుంది. వేసవి పోయింది. ఆ ఏడు వాన కూడా పలకరించినట్టే పలకరించి పోయింది. ఉన్న కొద్ది పంట పెరికి ఆరేశారు. మిల్లు గేటు తెరుచుకుంది.

మొదటి వారంలోనే వేళ్ళు తేడా పడ్డాయి. రామప్ప ఒక వేలు చూపిస్తే ఈశ్వరమ్మ రెండు చూపించింది. మూట పట్ట మీద పోస్తే రామప్పదే సరైంది. మళ్ళీ అదే జరిగింది. అసలు సంగతి ఏమిటంటే, కుడి వైపు గట్టిగా కొరికితే చెవి దాకా మెరుపు కొడుతోందని ఆమె ఎడమ వైపుకు మారింది. ఎడమ దవడకు ఆ భాష రాదు. ఇన్నేళ్ళూ అది అన్నం మాత్రమే నమిలింది.

రామప్ప మొదట ఎగతాళి చేశాడు, తర్వాత మానేశాడు. మానేసినప్పుడే ఈశ్వరమ్మకు భయం వేసింది.

శెట్టి మంచివాడు, తొందరపడి మాట్లాడడు. బల్ల కింద అట్టపెట్టెలో తేమ కొలిచే మిషను ఒకటి తెచ్చి పెట్టుకుని ఉన్నాడు. ఒకరోజు దాన్ని బల్ల మీదికి ఎత్తి దుమ్ము తుడిచాడు. ఆమెను పిలిచి మెల్లగా చెప్పాడు.

"పన్ను సూపించుకో ఈశ్వరమ్మా. బాగయితే నీ చోటు నీదే. కాకుంటే లోపల కాయలు ఏరే పనికి కూర్చో. నిన్ను పొమ్మనను."

కాయలు ఏరే చోటు ఎట్లుంటుందో ఆమెకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో అక్కడే మొదలుపెట్టింది. రేకుల కప్పు కింద దుమ్ము, జల్లెడ మోత, తల ఎత్తితే మరో ఆడమనిషి వంగిన వీపు. అక్కడ ఏరుతూ ఏరుతూ నోట్లో వేసుకున్న గింజలే ఆమెను గేటు దగ్గరికి, గాలి తగిలే చోటికి, ఆకాశం కిందికి తీసుకొచ్చాయి. ఇప్పుడు ఒక పన్ను ఆమెను మళ్ళీ లోపలికి పంపబోతోంది.

కళ్యాణదుర్గంలోనే ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన సన్నటి వంకర సూది తీసుకుని పళ్ళ మీద ఒక్కొక్కచోటే గుచ్చి చూశాడు. కుడి దవడలో అన్నింటికంటే నల్లగా ఉన్న పన్ను దగ్గర సూది ఇరుక్కుంది. లాగితే చిన్నగా పట్టుకుని వదిలింది. సూది పట్టుకుందంటే పుచ్చేనని, తీసేయడమే మంచిదని ఆయన చెప్పాడు. ఈశ్వరమ్మ అద్దంలో ఆ నల్ల పన్నును చూసుకుంది. గింజను తెంపేది అదే. రేపొస్తానని చెప్పి లేచి వచ్చింది.

ఇంటి దగ్గర భర్త పుల్లన్న గొర్రెల్ని దొడ్లోకి తోలి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయనకూ పళ్ళతో పరిచయం ఉంది. గొర్రె నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పడం ఆయన విద్య. సంగతి విని, సెల్లు టార్చి వెలిగించి భార్యను మంచం మీద కూర్చోబెట్టాడు. బొటనవేలితో ఒక్కొక్క పన్నునూ అటూ ఇటూ తోసి చూశాడు.

"కదల్లేదే. కదలని పన్ను ఎట్ల పీకుతారే? గొర్రెకైనా పీకరు."

"గొర్రె అయింటే ఏం చేసేవాడివి?"

"నీ వయసుకా? ఎప్పుడో సంతకు తోలింటి."

ఆమె ఆయన బొటనవేలు కొరికింది. ఎడమ వైపుతోనే.

మర్నాడు, ఇంకో డాక్టరుకు చూపిద్దామని ఇద్దరూ అనంతపురం బస్సెక్కారు. కిటికీ పక్కన పొలాలు పోతున్నాయి. కొన్ని పెరికినవి, కొన్ని పెరకడానికి కూడా ఏమీ లేనివి. గుట్టల మీద గాలిమరలు తమలో తాము ఏదో ఒప్పుకుంటున్నట్టు నిదానంగా తిరుగుతున్నాయి. ఈశ్వరమ్మ దారంతా నాలుక కొసతో ఆ పన్నును తడుముతూనే ఉంది, దూరం పోయేవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు.

అనంతపురంలో ఆమెను చూసిన డాక్టరు పేరు సరళ. ముప్పై దాటి ఉండవు. నోరు తెరవగానే ఏమీ తేల్చలేదు. ముందు సన్నగా గాలి ఊది పన్ను తడి ఆరబెట్టింది. తడి ఉంటే మచ్చలన్నీ ఒకేలా కనపడతాయని చెప్పింది. ఆ మాట ఈశ్వరమ్మకు నచ్చింది. ఆరబెట్టి చూడటం ఆమెకు తెలిసిన పనే. నల్ల పన్ను మీద సరళ సూది గుచ్చలేదు, పక్కగా ఆనించి నెమ్మదిగా జరిపింది.

"ఇది గట్టిగా ఉందమ్మా. నీళ్ళ వల్ల పడిన గుంట ఇది. గుంటలో సూది ఇరుక్కోవడం మామూలే. ఇరుక్కున్నంత మాత్రాన పుచ్చు కాదు."

పుల్లన్న గొంతు సవరించుకుని, కదల్లేదని తాను ముందే చెప్పానన్నాడు. పుచ్చిన పన్ను కూడా చాలాకాలం కదలదని సరళ చెప్పింది. ఆయన సవరించుకున్న గొంతును మళ్ళీ లోపలికి మింగాడు.

అక్కడొక కొత్త మిషను ఉంది. పెన్నులాంటి దాని మొనను పన్ను మీద పెడితే లోపల పుచ్చుంటే కూత పెడుతుంది. ఈశ్వరమ్మ పళ్ళ మీద పెట్టగానే అది మొదటి పన్ను దగ్గరే కూసింది. రెండో దాని దగ్గరా కూసింది. ముందు పళ్ళ మీదికొచ్చేసరికి ఊపిరాడనట్టు కూసింది. శిబిరంలో టార్చి పట్టుకున్న కుర్రవాడు పెన్నులోకి దూరాడా అనిపించింది ఈశ్వరమ్మకు. మచ్చలున్న పళ్ళ దగ్గర దీని మాట నమ్మకూడదని సరళ చెప్పి ఆపేసింది.

తర్వాత మంచులా చల్లటి దూది ముక్కను ఒక్కొక్క పన్నుకూ తాకించింది. నల్ల పన్నుకు తాకినప్పుడు చల్లదనం వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోయింది. దాని వెనకదానికి తాకినప్పుడు ఈశ్వరమ్మ రెండు చేతులూ కుర్చీని పట్టుకున్నాయి. ఆ వెనక పన్ను చూడ్డానికి సుద్దముక్కలా తెల్లగా ఉంది. నోటి మొత్తంలో కాస్త మంచిగా కనపడే పన్ను అదొక్కటే.

ఎక్స్‌రే తీశారు. తెర మీద ఈశ్వరమ్మ పళ్ళు పొగమంచులో నిలబడ్డ కంచె రాతి కూసాల్లా కనపడ్డాయి. నల్లదీ తెల్లదీ ఆనుకున్న చోట, తెల్లదాని పక్క అంచున గోరంత నీడ ఉంది. సరళ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత పక్కగదిలో ఉన్న గంగాధర్ అనే పెద్ద డాక్టరును పిలిచింది. తానేమనుకుంటోందో ఒక్క ముక్క చెప్పలేదు. నొప్పి ఎక్కడో కూడా చెప్పలేదు. ఈ ఫోటో చూసి మీకేం తోస్తుందో చెప్పండి సార్ అని ఊరుకుంది.

ఈశ్వరమ్మ కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది.

గంగాధర్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. అది పుచ్చులా లేదని, రెండు పళ్ళ అంచులు ఒకదాని మీద ఒకటి పడి నీడగా కనపడుతున్నాయని అన్నాడు. అప్పుడు సరళ తన మాట చెప్పింది. ఆమెకది పుచ్చులాగే కనపడుతోంది. ఇద్దరూ మళ్ళీ చూశారు. ఎవరి మాట వాళ్ళదే.

నోట్లో దూది ఉండగానే ఈశ్వరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. సరళ దూది తీసి, ఏమైందమ్మా అని అడిగింది.

"మా మిల్లులో అచ్చం ఇట్లే సేస్తాము తల్లీ. ఒకరిది ఒకరికి తెలీకుండా. మీరు గూడా ఇట్లే సేస్తారని నాకేం తెలుసు?"

వెనక్కి పెట్టుకునే చేతుల సంగతి, వేళ్ళ సంగతి ఆమె చెప్తుంటే గంగాధర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒకే ఎక్స్‌రేను తానే పోయిన నెల చూసి ఒకటి చెప్పి, ఈ నెల చూసి ఇంకొకటి చెప్పిన సందర్భాలున్నాయని ఆయన ఒప్పుకున్నాడు. ఆకలేసినప్పుడా సామీ అని ఈశ్వరమ్మ అడిగింది. అయ్యుండొచ్చు అన్నాడాయన.

సరళకు ఒక సంగతి మాత్రం తెలుసుకోవాలనిపించింది.

"వేళ్ళు కలవకపోతే ఏం చేస్తారమ్మా?"

"ఇప్పి సూస్తాం. ఇంగేముంది."

తామూ అదే చేయబోతున్నామని సరళ చెప్పింది. అయితే పన్నును తొలిచి చూడటం కాదు. తొలిచాక పుచ్చు లేదని తేలితే తీసిన పన్ను తిరిగి రాదు. ఆమె ఒక చిన్న నీలం రబ్బరు రింగు తీసి, సాగదీసి, నల్ల పన్నుకూ తెల్ల పన్నుకూ మధ్య దూర్చింది. అది రోజూ కొంచెం కొంచెం తోసి రెండింటినీ వెంట్రుక మందం విడదీస్తుంది. అప్పుడు కళ్ళతోనే చూడొచ్చు. అంతవరకూ ఆ వైపు ఏమీ కొరకొద్దని, నాలుకతో కూడా కెలకొద్దని చెప్పింది. నాలుకతో కెలకొద్దన్నదే కష్టమైన మాట.

ఆ కొద్ది రోజులు ఈశ్వరమ్మ మిల్లుకు పోయింది గానీ గింజ ముట్టలేదు. రామప్ప పక్కన మిషను కూర్చుంది. రామప్ప గింజ కొరికి, చేతులు వెనక్కి పెట్టుకుని, అలవాటుగా పక్కకు ఓరచూపు చూసేవాడు. పక్కన ఒక డబ్బా పచ్చటి అంకెలు వెలిగించి ఉండేది. దానికి చేతులు లేవు, వెనక్కి పెట్టుకోవడానికి.

"అక్కా, దీనితో మాట్లాడేకి కాదు, జగడమాడేకి కాదు. తొందరగా రా," అన్నాడు. శెట్టి వినపడనట్టు లెక్క రాసుకున్నాడు.

ఈశ్వరమ్మ మాత్రం ఆ రోజుల్లో లోలోపల బేరాలాడుకుంటూ తిరిగింది. రెండు పళ్ళ మధ్య ఎవరో అపరిచితుడు భుజం దూర్చి నిలబడ్డట్టుంది. ఒక పూట, ఏమీ లేకపోతే బాగుండుననుకునేది. ఇంకో పూట, ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది, మళ్ళీ నల్లదాని మీదికే పోతుందేమో, ఏదో ఒకటి కనపడితేనే మేలనుకునేది. పుచ్చు ఉండాలని కోరుకునే మనిషి ఈ జిల్లాలో తానొక్కతే అయి ఉంటుందని పుల్లన్నతో అంది. ఆయన ఆలోచించి, గొర్రెల్లో అయితే ఎవరూ లేరన్నాడు.

మళ్ళీ అనంతపురం పోయినప్పుడు సరళ రింగు తీసింది. సన్నటి సందు తెరుచుకుంది. తలుపు ఓరగా తీసినట్టు, అంతే వెడల్పు. గాలి ఊది, దీపం దించి, చిన్న అద్దం పెట్టి చూసింది. లేచి గంగాధర్‌ను పిలిచింది. ఆయన వంగి చూశాడు. ఆ క్షణంలో ఈశ్వరమ్మకు పైకప్పు మీది దీపం తప్ప ఏమీ కనపడలేదు. ఇద్దరి ముఖాలకూ గుడ్డలు కట్టి ఉన్నాయి. వాళ్ళ కళ్ళలో ఏమన్నా దొరుకుతుందేమోనని వెతికింది. ట్రాక్టరు మీద కూర్చున్న రైతులు తన ముఖంలో ఎందుకు వెతుకుతారో అప్పుడు తెలిసింది.

"ఉంది," అన్నాడు గంగాధర్. "సరళ చెప్పినట్టే. నేనే తప్పు చూశాను."

తెల్ల పన్ను పక్క గోడలో, సుద్ద తెలుపు వెనక, గింజ మొలక పట్టేంత మెత్తటి గుంట. ఇంకా నరం దాకా పోలేదు. నల్ల పన్నులో ఏమీ లేదు. రంగు తప్ప అది శుభ్రంగా, గట్టిగా ఉంది. పీకేయాల్సిన పన్ను ఏదీ లేదు. మత్తు సూది వేసి, మెత్తబడిన చోటు మట్టుకు తీసి, సిమెంటు నింపి, నీలం వెలుతురు పట్టారు. నల్ల పన్ను మచ్చ కూడా తగ్గించమంటారా అని సరళ అడిగింది. ఈశ్వరమ్మ తల అడ్డంగా ఊపింది. పెదవులు మొద్దుబారి మాట సరిగా రాలేదు గానీ, అది ఊరి రంగు, ఉండనీ తల్లీ అన్నట్టు అర్థమైంది.

గింజలు కొరకొచ్చా అని పుల్లన్న ఆమె తరఫున అడిగాడు. మత్తు వదిలాక కొరకొచ్చు, బండలు తప్ప ఏమైనా కొరకొచ్చు అని చెప్పింది సరళ.

బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు రావడానికి ఇంకా టైముంది. పుల్లన్న ఒక బండి దగ్గర వేయించిన వేరుశనగ గింజలు కాగితం పొట్లంలో కట్టించుకొచ్చాడు. అమ్మేవాడు వాళ్ళ వెనకాలే నిలబడి గరిటెతో బాండీ అంచు మీద తాళం వేస్తున్నాడు. ఈశ్వరమ్మ ఒక్క గింజ తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. సగం ముఖం ఇంకా తనది కాదు. వేలితో బుగ్గ గిల్లుకుంటే ఎవరి బుగ్గో గిల్లినట్టుంది. ఆమె ఎదురు చూసింది. మొద్దుతనం నిదానంగా, పొలం మీది నుంచి మబ్బు నీడ జరిగినట్టు జరిగింది. ముందు పెదవి మూల చీమలు పాకాయి. తర్వాత పంటి చిగుళ్ళు వచ్చాయి. ఆ వెనక పళ్ళు ఒకటొకటిగా వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి.

గింజను కుడి వైపు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పుల్లన్న నమలడం ఆపేశాడు.

టక్.

మెరుపు లేదు. నొప్పి లేదు. కాస్త కొత్తగా, కడిగిన గదిలో మాట్లాడితే మాట మోగినట్టు మోగింది. ఆమె కళ్ళు తెరిచి అమ్మేవాడి వైపు తిరిగింది.

"అన్నా, ఇవి వేయించేముందు ఒక ఎండ తక్కువ పడిండాయి."

"వేయించినాక ఎండ లెక్క ఎవరికమ్మా కావాల?"

"నాకే కావాల," అని ఇంకొకటి కొరికింది. ఇది బాగుంది. ఒక్క గింజను బట్టి చెప్పకూడదు కదా, పొట్లం పై నుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసింది. మళ్ళీ పై నుంచి మొదలుపెట్టింది. నాకేమన్నా మిగిలిస్తావా అని పుల్లన్న సణుగుతుండగా బస్సు వచ్చింది. ఆమె పొట్లం ఆయన చేతికివ్వకుండానే, నములుతూ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.